గల్ఫ్ కొలువుకు ఒప్పుకునే ముందు జీతం, సౌకర్యాలు మాట్లాడుకునే పద్ధతి

గల్ఫ్ దేశాలకు ఎలక్ట్రీషియన్‌గానో, వెల్డర్‌గానో, డ్రైవర్‌గానో, ఏసీ మెకానిక్‌గానో వెళ్లాలనుకునే మనవాళ్లలో చాలామంది ఏజెంటును జీతం గురించి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు: "మొత్తం ఎంత వస్తది?" ఏజెంటు ఒక అంకె చెబుతాడు. ఇంటికి వచ్చి ఆ అంకెను రూపాయల్లోకి మార్చుకుని, వడ్డీకి డబ్బు ఇచ్చేవారి కోసం తిరగడం మొదలుపెడతారు. ఆ మొత్తంలో బేసిక్ (అలవెన్సులు, ఓవర్‌టైం కలపని మూల జీతం) ఎంత, అది ఎన్ని గంటల పనికి, తిండి ఎవరిది, రెండేళ్ల తర్వాత ఇంటికి వచ్చే టికెట్ ఎవరిది అన్నవి తేలకుండానే పాస్‌పోర్టు చేతులు మారిపోతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వెళ్లేవారైనా, కడప, కోనసీమ నుంచి వెళ్లేవారైనా, ఈ ప్రశ్నలన్నీ అడగవలసిన సమయం పాస్‌పోర్టూ డబ్బూ ఇంకా తమ దగ్గర ఉన్నప్పుడే.

ఎందుకంటే అక్కడ దిగిన తర్వాత మన మాటకు బలం బాగా తగ్గిపోతుంది. వీసా, అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే నివాస అనుమతి) రెండూ పని ఇచ్చినవారి పేరుతో ముడిపడి ఉంటాయి. ఖతర్ 2020లోనూ, సౌదీ 2021లోనూ కంపెనీ మారే నిబంధనలను కొంత సడలించిన మాట నిజమే కానీ, నెత్తి మీద అప్పు పెట్టుకుని వెళ్లిన మనిషి మొదటి ఆరు నెలల్లో కంపెనీతో తగాదా పెట్టుకునే స్థితిలో ఉండడు. కాబట్టి ముందు మాట, తర్వాత కాగితం, ఆ తర్వాతే డబ్బు. ఈ వరుస ఎవరు ఎంత తొందరపెట్టినా తప్పకూడదు.

మాట్లాడే ముందు తెలుసుకోవలసినవి

మొదట ఏజెంటు ఎవరో తేల్చుకోవాలి. విదేశాలకు మనుషులను పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవారి జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. ఊళ్లో మనకు ఎదురుపడే మనిషి చాలాసార్లు సబ్ ఏజెంటే. అతను మంచివాడు కావచ్చు, చుట్టం కూడా కావచ్చు, కానీ చట్టం దృష్టిలో అతని మాటకు విలువ లేదు. అతను ఏ లైసెన్సు ఉన్న ఆఫీసుకు మనుషులను చేరుస్తున్నాడో అడిగి, జీతం సంగతి ఆ ఆఫీసులో కూర్చునే మాట్లాడాలి.

రెండవది డిమాండ్ లెటర్. విదేశీ కంపెనీ తనకు ఏ పనికి ఎంతమంది కావాలో, ఎంత జీతం ఇస్తుందో, తిండి, వసతి, టికెట్ల సంగతి ఏమిటో రాసి, తన తరఫున మనుషులను ఎంపిక చేసే అధికారంతో సహా ఏజెన్సీకి పంపే కాగితం ఇది. బేరానికి ఇంతకంటే పనికొచ్చే కాగితం మరొకటి లేదు. ఏజెంటు సాధారణంగా అందులో ఉన్న అంకెను దాటి ఇప్పించలేడు, కానీ ఉన్నదానికంటే తక్కువ చెప్పే వీలు అతనికి ఉంటుంది. కనుక "డిమాండ్ లెటర్ ఒకసారి చూపించండి సార్, నా పని పేరు ఉన్న వరుస చూసుకుంటాను" అని అడగడం మర్యాద తప్పడం కాదు. చూపించడానికి ఇష్టపడకపోతే అసలు ఆ పని ఉందా లేదా అని సందేహించాలి.

మూడవది, అదే దేశంలో అదే పని చేస్తూ సెలవు మీద ఇంటికి వచ్చినవారిని కలవడం. వారి దగ్గర కూడా "జీతం ఎంత" అని ఆగిపోకూడదు. నెల జీతం చీటీ చూపించమని అడగాలి. అందులో బేసిక్, అలవెన్సు, ఓవర్‌టైం విడివిడిగా ఉంటాయి. దుబాయ్‌లో ఉన్నవారి జీతంతో మస్కట్ జీతాన్ని పోల్చినా, క్రేన్ ఆపరేటర్ జీతంతో హెల్పర్ జీతాన్ని పోల్చినా ప్రయోజనం లేదు. అదే పని, అదే దేశం, వీలైతే అదే ఏడాది.

కొన్ని కనీస హద్దులు చట్టంలోనే ఉన్నాయి. ఖతర్‌లో 2021 మార్చి 20 నుంచి ఏ దేశపు కార్మికుడికైనా, ఇంటి పనివారితో సహా, నెలకు 1,000 రియాళ్ల కనీస బేసిక్ ఇవ్వాలి. తిండి పెట్టకపోతే మరో 300, వసతి ఇవ్వకపోతే మరో 500 రియాళ్లు ఇవ్వాలి. ఎవరైనా ఖతర్‌కు 900 రియాళ్ల బేసిక్ అంటే అది బేరం చేయవలసిన అంకె కాదు, చట్టవిరుద్ధమైన అంకె. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులకు ఇలాంటి కనీస వేతనం యూఏఈలోనూ సౌదీలోనూ లేదు. అయితే ఈసీఆర్ పాస్‌పోర్టుతో (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ క్లియరెన్సు తీసుకోవలసిన పాస్‌పోర్టుతో) వెళ్లేవారి కోసం దేశాన్ని బట్టి, పనిని బట్టి ఇంత తగ్గకూడదని మన కేంద్ర ప్రభుత్వమే కనీస రిఫరల్ వేతనాలను నిర్ణయించింది. 2020లో వాటిని తగ్గించినప్పుడు గల్ఫ్ కార్మికుల పక్షాన గట్టి అభ్యంతరాలు వచ్చాయి, తెలంగాణ హైకోర్టు దాకా విషయం వెళ్లింది, 2021లో ప్రభుత్వం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. మీ పనికి ఆ అంకె ఎంతో ఏజెన్సీని అడగవచ్చు, ఆ క్లియరెన్సు ఇచ్చే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి కార్యాలయంలోనూ అడగవచ్చు.

మొత్తం కాదు, బేసిక్

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకునే ఓపిక ఉన్నవారు ఈ భాగాన్ని గుర్తుంచుకుంటే చాలు. నెల చివర చేతికి వచ్చే మొత్తం ఒకటే అయినా, అందులో బేసిక్ ఎంత రాశారన్న దాన్ని బట్టి ఓవర్‌టైమూ, పని ముగిసినప్పుడు వచ్చే గ్రాట్యుటీ డబ్బూ మారిపోతాయి.

యూఏఈకి వెళ్లే ఇద్దరు ప్లంబర్లను తీసుకుందాం. ఇద్దరికీ నెలకు 1,200 దిర్హాములే. మొదటివాడి కాగితంలో బేసిక్ 900, తిండికి 300 అని ఉంది. రెండవవాడి కాగితంలో బేసిక్ 600, అలవెన్సులు 600 అని ఉంది. అక్కడి చట్టం ప్రకారం ఓవర్‌టైం గంటకు బేసిక్ మీద లెక్క కట్టిన గంట కూలీకి కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య చేయిస్తే, షిఫ్టు పద్ధతిలో పనిచేసేవారికి తప్ప, 50 శాతం కలపాలి. మొదటివాడి బేసిక్‌ను 30 రోజులకూ, రోజుకు 8 గంటలకూ భాగిస్తే గంటకు 3.75 దిర్హాములు, 25 శాతం కలిపితే సుమారు 4.69. రోజుకు 2 గంటల చొప్పున నెలకు 26 రోజులు ఓవర్‌టైం చేస్తే 52 గంటలకు దాదాపు 244 దిర్హాములు వస్తాయి. అంతే పని చేసిన రెండవవాడికి గంటకు 3.125 చొప్పున 162 దిర్హాముల 50 ఫిల్సే వస్తాయి. నెలకు 81 దిర్హాముల తేడా. రెండేళ్లకు అది 1,950 దిర్హాములు అవుతుంది.

ఇక గ్రాట్యుటీ. యూఏఈలో ఏడాది పూర్తయిన తర్వాత, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున, ఆపై ఏడాదికి 30 రోజుల చొప్పున ఇవ్వాలి. రెండేళ్లకు 42 రోజులు. మొదటివాడికి 1,260 దిర్హాములు, రెండవవాడికి 840. రెండూ కలిపితే ఒకే జీతం, ఒకే చెమట, రెండేళ్లకు 2,370 దిర్హాముల తేడా. అది వారి రెండు నెలల జీతానికి దాదాపు సమానం. ఇంటర్వ్యూలో "టోటల్ ఎంత ఉందో అంతే ఉంచండి సార్, బేసిక్ మాత్రం 900 రాయండి" అని అడిగితే ఓవర్‌టైం లేని నెలలో కంపెనీకి అదనపు ఖర్చు ఏమీ లేదు కనుక, జీతం పెంచమని అడగడం కంటే ఇది ఒప్పించడం తేలిక. అనుభవం ఉన్న పనివారు ముందుగా అడగవలసిన మాట ఇదే అని నా అభిప్రాయం.

దేశాన్ని బట్టి ఈ లెక్కలో తేడాలు ఉంటాయి. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపై ఏడాదికి నెల జీతం చొప్పున లెక్క కడతారు. అది బేసిక్ ఒక్కదాని మీద కాకుండా చివరిగా తీసుకుంటున్న జీతం మీద ఉంటుంది. అయితే రెండేళ్లు నిండకముందే మనంతట మనం రాజీనామా చేసి వచ్చేస్తే ఏమీ రాదు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య అయితే మూడో వంతే వస్తుంది. కాంట్రాక్టు గడువు ముగిసి రావడానికీ, మధ్యలో రాజీనామా చేసి రావడానికీ ఇంత తేడా ఉంది కాబట్టి, సౌదీకి వెళ్లేవారు కాంట్రాక్టు ఎన్నేళ్లకో స్పష్టంగా రాయించుకోవాలి. ఖతర్‌లో ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్. ఒమన్‌లో 2023 నాటి కొత్త కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి నెల బేసిక్.

ఎన్ని గంటలకు ఆ జీతం

"పద్నాలుగు వందల యాభై ఇస్తరు" అన్న మాట విని సంతోషించే ముందు, ఎన్ని గంటల డ్యూటీకి అని అడగాలి. సెక్యూరిటీ గార్డులు, డ్రైవర్లు, హోటల్ పనివారు, క్లీనింగ్ కంపెనీల వారి విషయంలో 10 గంటల డ్యూటీనో 12 గంటల డ్యూటీనో మనసులో పెట్టుకుని ఒకే మొత్తం చెప్పడం మామూలు. పైన చెప్పిన మొదటి ప్లంబరు 8 గంటలకు 1,200, ఓవర్‌టైం రెండు గంటలకు 244 కలిపి 1,444 దిర్హాములు తీసుకుంటాడు. 10 గంటలకు 1,450 ఇస్తామనే కంపెనీ అతని కంటే 6 దిర్హాములే ఎక్కువ ఇస్తోంది. పైగా మొదటివాడికి ఓవర్‌టైం లేని నెలలో విశ్రాంతి అయినా దక్కుతుంది.

అలాగని ఓవర్‌టైం తప్పకుండా ఉంటుందని నమ్మి ఇంటి లెక్క వేసుకోకూడదు. పని తగ్గితే మొదట ఆగేది ఓవర్‌టైమే. ఏజెంటు "ఓటీ కలిపి రెండు వేలు ఈజీగా పడతది" అంటే, ఆ అంకెను పక్కన పెట్టి, ఓవర్‌టైం ఒక్క గంట కూడా లేకపోయినా అప్పు వాయిదా, ఇంటి ఖర్చు వెళ్లే జీతమేనా అని చూసుకోవాలి. వెళ్లదు అనిపిస్తే ఆ ఉద్యోగం మనకు సరిపోదు.

వారానికి ఒక రోజు సెలవు, ఆ రోజు పని చేయిస్తే ఏమిస్తారు అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం బయటి పని ఆపాలన్న నిబంధన గల్ఫ్ దేశాలన్నింటిలో ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదు. ఆ విరామం చట్టం ఇచ్చినది కనుక దానికి జీతం కోస్తామంటే ఒప్పుకోనవసరం లేదు.

తిండి, గది, బండి

కంపెనీ మెస్సులో తిండి పెడుతుందా, డబ్బు ఇస్తుందా అని అడగాలి. డబ్బు అయితే ఎంత, క్యాంపులో వండుకునే వీలు ఉందా అన్నదీ అడగాలి. మెస్సు ఉండి, దాని ఖర్చును జీతంలో కోస్తారేమో చూసుకోవాలి. గది, క్యాంపు నుంచి సైటుకు బండి, కరెంటు, నీళ్లు, వైద్య బీమా కంపెనీవే అని ఒక్కొక్కటి పేరు పెట్టి రాయించుకుంటే చాలు. కుటుంబాన్ని తీసుకెళ్లాలనుకునే ఇంజనీర్లు, నర్సులు, అకౌంటెంట్లు మాత్రం ఇక్కడ ఇంకాస్త ఆగి ఆలోచించాలి: సౌదీలో భార్యాపిల్లల్లో ఒక్కొక్కరికి నెలకు 400 రియాళ్ల చొప్పున ప్రభుత్వ రుసుము కట్టాలి, ముగ్గురు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. ఆ రుసుము, కుటుంబానికి వైద్య బీమా, పిల్లల స్కూలు ఫీజు కంపెనీ భరిస్తుందా లేదా అన్నది జీతంతో సమానంగా బేరం చేయవలసిన విషయం. "ఫ్యామిలీ స్టేటస్" అని ఒక్క మాట రాసి ఇస్తే సరిపోదు, ఎవరెవరికి, ఎంతవరకు అని రాయించాలి.

మీరు కట్టేది కూడా జీతంలో భాగమే

జీతం 100 దిర్హాములు పెంచించుకోవడం కష్టం. ఏజెంటు అడిగే డబ్బును తగ్గించుకోవడానికి మాత్రం చట్టమే మన పక్షాన ఉంది. లైసెన్సు ఉన్న ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోగలిగే సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 35,400. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. అటువైపు యూఏఈ, సౌదీ, ఖతర్ చట్టాలన్నీ వీసా, రిక్రూట్‌మెంట్ ఖర్చులు కంపెనీయే భరించాలని, కార్మికుడి మీద వేయకూడదని చెబుతున్నాయి. అయినా లక్ష, లక్షన్నర అడిగేవారు ఉన్నారు, ఇచ్చేవారూ ఉన్నారు.

ఆ డబ్బు వడ్డీకి తెచ్చేదైతే దాని ధర నెల నెలా కట్టాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి 1,20,000 తెస్తే నెలకు 2,400 వడ్డీయే. అసలు కదలకుండా రెండేళ్లు గడిస్తే 57,600 రూపాయలు వడ్డీకే పోతాయి. అదే వడ్డీకి 35,400 తెచ్చిన మనిషికి నెలకు 708 రూపాయలే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న నెలకు దాదాపు 1,700 రూపాయల తేడా, అక్కడ జీతం పెంచించుకున్నంత లాభం. కాబట్టి ఏజెంటుతో కూర్చున్నప్పుడు జీతాన్ని, కట్టవలసిన డబ్బును వేరువేరు విషయాలుగా చూడకుండా ఒకే కాగితం మీద రెండు వరుసలుగా రాసుకోండి. ఎక్కువ జీతం పేరు చెప్పి ఎక్కువ డబ్బు అడిగే చోట, రెండేళ్ల మొత్తం లెక్కలో తక్కువ జీతం ఉద్యోగమే మేలు కావచ్చు.

ఆజాద్ వీసా పేరుతో అమ్మేదానికి ఈ బేరం ఏదీ వర్తించదు. దాని వెనుక పని లేదు, జీతం లేదు, కాగితం మీద ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు మాత్రమే ఉంటుంది. బయట దొరికిన పని చేసుకుంటే చట్టం దృష్టిలో అది నేరం అవుతుంది. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని వీసాగా మార్పిస్తామన్న మాట కూడా అంతే. జీతం ఎంత చెప్పినా, మాట తప్పితే అడగడానికి చేతిలో కాంట్రాక్టు లేని ప్రయాణం అది.

ఇంటర్వ్యూలో, ఏజెంటు దగ్గర ఎలా మాట్లాడాలి

హైదరాబాద్‌లోనో ముంబయిలోనో జరిగే క్లయింట్ ఇంటర్వ్యూ, ట్రేడ్ టెస్టు రోజే మన మాటకు ఎక్కువ విలువ ఉండే రోజు. కంపెనీ నుంచి వచ్చిన మనిషి పనితనం చూసి ఎంపిక చేసుకోవాలని వస్తాడు. టెస్టు బాగా చేసి, పాస్ అని తెలిసిన తర్వాత జీతం మాట ఎత్తాలి, అంతకు ముందు కాదు. అప్పుడు కూడా "ఎంత ఇస్తే వస్తావు" అని అడిగితే వెంటనే అంకె చెప్పనవసరం లేదు. "సార్, ఎనిమిది గంటల డ్యూటీకి మీ కంపెనీలో ఈ పనికి బేసిక్ ఎంత ఉందో చెప్పండి, తిండికి ఎంతో విడిగా చెప్పండి" అని మాట వారి వైపు తిప్పవచ్చు. పాత జీతం అడిగితే నిజమే చెప్పాలి, కానీ అది ఎన్ని గంటలకో, తిండి ఎవరిదో కలిపి చెప్పాలి.

అడిగేటప్పుడు కారణం చూపించాలి. "ఇంట్లో ఖర్చులు ఎక్కువ సార్" అన్నది వారికి కారణం కాదు. "నేను చిల్లర్ ప్లాంటు మీద పనిచేశాను, ఈ సర్టిఫికెట్ ఉంది, ఒమన్‌లో రెండేళ్లు ఇదే పని చేశాను, గల్ఫ్ లైసెన్సు ఉంది" అన్నవి కారణాలు. డ్రైవర్లకు ఆ దేశపు లైసెన్సు, వెల్డర్లకు టెస్టు సర్టిఫికెట్లు, నర్సులకు ఆ దేశపు లైసెన్సింగ్ పరీక్ష ఫలితం చేతిలో ఉంటే మాట బరువే వేరు.

బేసిక్ పెంచలేమంటే బేరం ముగిసిపోలేదు. ఏడాది తర్వాత ఇంత పెంచుతామని అంకెతో రాయించుకోవచ్చు. రెండేళ్లకు ఒకసారి ఇచ్చే రాను పోను టికెట్‌ను ఏడాదికి ఒకసారి అడగవచ్చు. తిండి డబ్బు పెంచమని అడగవచ్చు. అన్నింటినీ ఒకేసారి పట్టుబట్టి అడిగితే ఏదీ రాదు. తమకు ఏది ఎక్కువ అవసరమో ఇంట్లో ముందే అనుకుని, రెండింటి మీదే నిలబడటం మంచిది. చిన్నపిల్లలు ఉన్నవారికి ఏడాదికి ఒకసారి టికెట్ ముఖ్యం కావచ్చు, అప్పు ఉన్నవారికి బేసిక్ ముఖ్యం.

మాట కుదిరిన సాయంత్రమే ఏజెంటుకు వాట్సాప్‌లో ఒక సందేశం పంపాలి. ఇలా ఉంటే చాలు: "అన్నా, ఇవాళ మాట్లాడుకున్నట్టు బేసిక్ 900 దిర్హాములు, తిండికి 300, డ్యూటీ 8 గంటలు, ఓటీ వేరే. రూము, బండి, మెడికల్ కంపెనీది. కాంట్రాక్టు రెండేళ్లు, అయిపోయినంక టికెట్ కంపెనీది. సర్వీసు చార్జీ 30,000, జీఎస్టీ అదనం, రసీదు ఇస్తమన్నరు. ఇదే ఖాయం కదా?" "అవును" అని జవాబు వస్తే అది దాచుకోవలసిన కాగితం లాంటిదే. జవాబు రాయకుండా ఫోన్ చేసి "అన్నీ చూసుకుంటం లే" అంటే, ఆ మాటలు ఏవి కాంట్రాక్టులోకి రావోనని ఇంకా జాగ్రత్తగా చూడాలి.

కాగితం చదవడం

ఆఫర్ లెటర్ చాలావరకు ఇంగ్లిషులో, అరబ్బీలో ఉంటుంది. ఫొటో తీసుకుని ఇంటికి తెచ్చి, చదువుకున్నవారి చేత వరుస వరుసగా చదివించుకునేంత వరకు సంతకం పెట్టకూడదు. ఖాళీ కాగితం మీద, అంకెలు నింపని గళ్ల మీద ఎప్పుడూ సంతకం పెట్టకూడదు. పని పేరు, బేసిక్, అలవెన్సులు, గంటలు, కాంట్రాక్టు కాలం, ప్రొబేషన్ (మొదట పనితనం చూసే కాలం), సెలవు, టికెట్, వైద్యం: ఇన్నింటి ఎదురుగా ఏముందో చూడాలి. "చట్టం ప్రకారం" అని రాసి ఉన్న ప్రతి వరుసలో మనకు దక్కేది ఆ దేశపు చట్టం చెప్పిన కనీసమే. నోటితో అంతకంటే ఎక్కువ చెప్పి ఉంటే, ఆ వరుసలో ఆ ఎక్కువే రాయించాలి.

ప్రొబేషన్ యూఏఈలో ఆరు నెలలకు మించకూడదు. ఆ ఆరు నెలలకు తక్కువ జీతం ఇచ్చి తర్వాత పెంచుతామంటే, తర్వాతి అంకె కూడా అదే కాగితంలో ఉండాలి. వీసాలో రాసే పని పేరు, కాంట్రాక్టులో ఉన్న పని పేరు, మనం చేయబోయే పని మూడూ ఒకటేనా అని చూడాలి. ఎలక్ట్రీషియన్‌గా మాట్లాడుకుని లేబర్ వీసా మీద వెళ్తే, జీతం తగ్గించినప్పుడు కాగితం కంపెనీ వైపే మాట్లాడుతుంది.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కింద ఉంటుంది. వారికి ఈ-మైగ్రేట్‌లో కాంట్రాక్టు నమోదై, క్లియరెన్సు వచ్చాకే ప్రయాణం. అక్కడ నమోదైన అంకె, చేతిలో ఉన్న ఆఫర్ లెటర్‌లోని అంకె ఒకటేనో కాదో చూపించమని అడగాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన వీరికి తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, పన్ను అదనం, ప్రమాదంలో మరణించినా శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు. దాని పేరు చెప్పి వేలల్లో అడిగితే ఇవ్వకూడదు. నర్సులను మినహాయిస్తే, పది పాసైనవారికి ఈ క్లియరెన్సు అక్కరలేదు కనుక, వారి కాంట్రాక్టును ఎవరూ తనిఖీ చేయరు. వారు తమ కాగితాన్ని తామే మరింత శ్రద్ధగా చూసుకోవాలి.

ఇంటి పనికి వెళ్లే మహిళలు

కువైట్, సౌదీ, ఒమన్‌లలో ఇంటి పనికి వెళ్లే అక్కాచెల్లెళ్ల సంగతి వేరు, వారి పని నాలుగు గోడల మధ్య జరుగుతుంది కనుక. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలకు 30 ఏళ్లు నిండి ఉండాలి, ప్రైవేటు ఏజెంటు ద్వారా కాకుండా ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే వెళ్లాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అలాంటి ప్రభుత్వ సంస్థలు. విజిట్ వీసా మీద పంపిస్తాం, అక్కడ అన్నీ చూసుకుంటారు అనే మాటను నమ్మి వెళ్లకూడదు. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో ప్రత్యేక చట్టం వచ్చింది, నెలకు 60 దినార్ల కనీస జీతం ఉంది. జీతంతో పాటు వారానికి ఒక రోజు సెలవు, ఇంటికి ఫోన్ చేసుకునే వీలు, విడిగా పడుకునే గది, జీతం ఏ తేదీన ఎవరి ఖాతాలో వేస్తారు, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, పిల్లలు, మంచం పట్టిన పెద్దలు ఎంతమంది అన్నవి ముందే అడిగి రాయించుకోవాలి. ఎంతమందికి వండాలో, ఎవరిని ఎత్తుకోవాలో తెలియకుండా జీతం సరిపోతుందో లేదో చెప్పలేం.

బయలుదేరే ముందు, దిగిన తర్వాత

సంతకం పెట్టిన కాంట్రాక్టు, ఆఫర్ లెటర్, వీసా, పాస్‌పోర్టు, బీమా, ఏజెన్సీ రసీదు అన్నింటికీ మూడు నకళ్లు ఉండాలి: ఒకటి బ్యాగులో, ఒకటి ఇంట్లో, ఒకటి ఫోన్‌లోనూ ఈమెయిల్‌లోనూ. ఇంట్లోవారికి కంపెనీ పేరు, ఏజెన్సీ లైసెన్సు నంబరు తెలిసి ఉండాలి. అక్కడి బ్యాంకు ఖాతాలో మొదటి జీతం పడినప్పుడు కాంట్రాక్టు పక్కన పెట్టుకుని వరుస వరుసగా సరిచూసుకోవాలి. తేడా ఉంటే మొదటి నెలలోనే రాతపూర్వకంగా అడగాలి, ఎందుకంటే మూడు నెలలు మాట్లాడకుండా తీసుకున్న జీతాన్ని ఆ తర్వాత తక్కువ అని చెప్పడం కష్టమవుతుంది.

కొన్నిచోట్ల దిగిన వారంలోపే మరో కాంట్రాక్టు ముందు పెడతారు, "ఇది ఇక్కడి కాగితం, అది అక్కడి కాగితం" అంటారు. సౌదీలో కాంట్రాక్టులు ఖివా అనే ప్రభుత్వ వేదికలోనూ, యూఏఈలో అక్కడి కార్మిక శాఖ దగ్గరా నమోదవుతాయి, అందువల్ల కొత్త కాగితం రావడం దానంతట అదే మోసం కాదు. అంకెలు, గంటలు, పని పేరు ఇక్కడ ఒప్పుకున్నవే అయితే సంతకం పెట్టవచ్చు. ఒక్క అంకె తగ్గినా, "చదివించుకుని రేపు ఇస్తాను సార్" అని ఫొటో తీసుకుని, అదే రోజు ఏజెన్సీకీ ఇంటికీ పంపాలి. ఏజెన్సీ నుంచి స్పందన లేకపోతే అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని కలవాలి, లేదా ఇంట్లోవారి చేత ఇక్కడి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090కి ఫోన్ చేయించి, విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, ఆ ఫిర్యాదుకు ఇక్కడ సంతకం పెట్టిన కాంట్రాక్టు నకలును జత చేయించాలి.